డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసిన పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎందుకు మోగవు? చిప్పుల ధర ఎందుకిలా పెరిగింది?

నల్లమల_తుఫాన్ (అచ్చంపేట):

అందరికీ నమస్కారం. నాది తుఫాన్ బండి. అచ్చంపేట, కల్వకుర్తి నుంచి శ్రీశైలం కిరాయిలు ఎక్కువ. ఆ ఘాట్‌లో బండిలో పాటలు లేకపోతే జనం ఊరుకోరు. పోయేటప్పుడు పెద్దోళ్లు మల్లన్న పాటలు అడుగుతారు, వచ్చేటప్పుడు పోరగాళ్లు జానపదాలు పెట్టమంటారు.

నా బాధ ఏందంటే, ఒక పాటల యాప్‌కి ఏడాది డబ్బులు ఒక్కసారే కట్టాను. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే దోమలపెంట దాకా సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఆ రూట్‌లో తిరిగేవాళ్లకి తెలిసిందే. అందుకని ఇంటి దగ్గరే వైఫై మీద పాటలన్నీ ఫోన్ చిప్పులోకి, అదే మెమరీ కార్డులోకి, డౌన్‌లోడ్ పెట్టుకున్నాను. సెట్టింగ్స్‌లో చూస్తే ఆ యాప్ ఒక్కటే 18 జీబీ తింటోంది. మొన్న కార్తీక సోమవారం కిరాయికి పోతుంటే వటవర్లపల్లి దగ్గర పాట ఆగిపోయింది. లిస్టులో పాటల పేర్లన్నీ మసకబారిపోయాయి. ఒకసారి ఆన్‌లైన్‌కి రమ్మని కింద రాసి ఉంది. అడవి నడుమ ఆన్‌లైన్‌కి ఎట్లా పోవాలి? బండిలో పన్నెండు మంది, అందరూ నా మొఖమే చూస్తున్నారు.

ఇంటికొచ్చాక చిప్పు తీసి కంప్యూటర్‌కి పెట్టాను. ఆ యాప్ ఫోల్డర్ దొరికింది కానీ ఫైళ్ల పేర్లు అక్షరాలు, అంకెలు కలిసి బారెడు పొడుగున్నాయి. ఎంపీ3 అన్నది ఎక్కడా లేదు. మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బండి స్టీరియోకి పెడితే ఫైళ్లే లేవంటోంది.

సరే, కొత్త పెన్‌డ్రైవ్ కొని మొదటి నుంచి పాటలు వేసుకుందామని కల్వకుర్తిలో అడిగాను. పోయినేడు కొన్న ధరకీ ఇప్పుడు చెప్తున్న ధరకీ పొంతనే లేదు. పైనుంచే పెరిగిందన్నా అంటున్నాడు దుకాణాయన.

డబ్బులు కట్టినా పాట నా చేతికి ఎందుకు రాదు? రాకపోతే నా చిప్పులో 18 జీబీ జాగా ఎందుకు పట్టింది? ఈ చిప్పుల ధర సంగతేంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

చిప్పుల_దుకాణం (దేవరకొండ):

తమ్ముడూ, నాది దేవరకొండ బస్టాండు దగ్గర మొబైల్ రిపేరు దుకాణం. మెమరీ కార్డులు అమ్మి, రిపేరు చేసి బతికినవాణ్ని. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదువు.

ముందు నీ 18 జీబీ సంగతి. పాటలు నీ చిప్పులోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కాకపోతే యాప్ పాటని దించుకునేటప్పుడే దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మార్చి పెడుతుంది. విప్పే తాళంచెవి ఆ ఫైల్‌లో ఉండదు. యాప్ దాన్ని ఫోన్‌లో వేరే చోట దాచుకుంటుంది, దానికి గడువు కూడా ఉంటుంది. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి ఇంటర్నెట్‌కి కలపాలన్నది నియమం. కలపకపోతే దించుకున్న పాటలు మోగవు. మిగతా యాప్‌ల గడువులు వేరు కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే. ధాన్యం నీ గరిసెలోనే ఉంది, తాళంచెవి పక్క ఊళ్లో ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఫైల్ వచ్చింది, తాళంచెవి రాలేదు. ఇక స్టీరియో ఏం చదువుతుంది? దీన్నే డీఆర్ఎం అంటారు, పాట కాపీ కాకుండా వేసే తాళం. నువ్వు కట్టిన డబ్బు ఏడాది పాటు వినడానికి, పాట సొంతానికి కాదు. కట్టేముందు ఈ మాట పెద్ద అక్షరాలతో చెప్పాలని నా అభిప్రాయం. నీలాగా అడవిలో ఇరుక్కున్నాక తెలియడం అన్యాయం.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం ఒకటి. నువ్వు చేతిలో పట్టుకున్న మెమరీ కార్డుకీ ఈ తాళానికీ పుట్టుక నుంచీ చుట్టరికం ఉంది. ఎస్‌డీ కార్డుని 1999లో తోషిబా, పానసోనిక్ వాళ్ల మత్సుషిటా, శాన్‌డిస్క్ కలిసి ప్రకటించాయి. అప్పుడు ఎంపీ3లు ఇంటర్నెట్‌లో విచ్చలవిడిగా తిరుగుతున్నాయని పాటల కంపెనీలు వణికిపోతున్నాయి. వాళ్లని ఒప్పించడానికి కార్డు లోపలే కొంత జాగా తాళంచెవుల కోసం పక్కన పెట్టారు. మామూలుగా కాపీ చేస్తే ఆ జాగా కనపడదు. ఆ పద్ధతి పేరు సీపీఆర్ఎం. జపాన్‌లో కొంత వాడారు. మన దగ్గర మాత్రం పాటల కోసం దాన్ని వాడిన గిరాకీని నేనైతే ఒక్కణ్నీ చూడలేదు. తాళం పెట్టుకుని పుట్టిన కార్డుని లోకమంతా తాళం లేని పాటలతో నింపింది.

2010 ప్రాంతంలో మా దుకాణం చూసి ఉంటే నీకు తెలిసేది. సంత రోజు తండాల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. కొంగు ముడి విప్పితే అందులో గోరంత చిప్పు. దాన్ని పొరపాటున ఊదితే ఎగిరిపోతుందన్నట్టు అరచేతిలో పెట్టుకుని ఇచ్చేవాళ్లు. కార్డ్ రీడర్‌లో పెట్టేముందు ఆ రాగి కాళ్ల మీద పట్టిన పసుపు, చెమట మరకల్ని రబ్బరుతో రుద్ది తుడిచేవాణ్ని, లేకపోతే కంప్యూటర్ గుర్తుపట్టేది కాదు. భక్తి, జానపదం, బంజారా, పాతవి అని నాలుగు ఫోల్డర్లు ఉండేవి. తీజ్ పండుగ దగ్గరపడితే బంజారా ఫోల్డర్‌కి తీరికే ఉండేది కాదు. 128 కేబీపీఎస్‌లో (పాట క్వాలిటీ కొలత, అంకె పెరిగితే క్వాలిటీ, సైజు రెండూ పెరుగుతాయి) ఐదు నిమిషాల పాట ఐదు ఎంబీలకి కొంచెం తక్కువ. 2 జీబీ చిప్పులో నాలుగొందల పాటల దాకా పట్టేవి. అన్నీ నింపమనేవాళ్లు. ఆ నింపడం కోసమే 2 జీబీ పోయి 4, 4 పోయి 8 అమ్ముడుపోయాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక పాటలు ఎక్కించమని అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ఈ చిప్పుల లోపల ఉండేదాన్ని ఫ్లాష్ మెమరీ అంటారు, దానికి గిరాకీ తెచ్చినవాటిలో పాట ఒకటని నేను గట్టిగా చెప్పగలను. ఈ మెమరీని తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1984లో లోకానికి చూపించాడు. ఇప్పుడు చిప్పుల్లో, పెన్‌డ్రైవ్‌ల్లో వాడే నాండ్ రకం 1987లో వచ్చింది. కరెంటు తీసేసినా సమాచారం నిలుస్తుంది, తిరిగే భాగాలు లేవు. కానీ ఖరీదు ఎక్కువ కాబట్టి చాన్నాళ్లు కొద్దికొద్దిగానే వాడారు. 1998లో అమెరికాలో అమ్మిన రియో అనే ఎంపీ3 ప్లేయర్‌లో 32 ఎంబీనే, అంటే అరగంట పాటలు. 2001లో వచ్చిన ఆపిల్ పాటల ప్లేయర్ మొదటి ఐపాడ్‌లో 5 జీబీ ఇవ్వాలంటే చిన్న హార్డ్‌డిస్క్ పెట్టక తప్పలేదు.

2005లో ఏం జరిగిందో చూడు. సెప్టెంబర్‌లో ఆపిల్ ఫ్లాష్ మెమరీతో ఐపాడ్ నానో తెచ్చింది. అక్టోబర్ 31న మార్క్ రసినోవిచ్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక సంగతి బయటపెట్టాడు. సోనీ బీఎంజీ అనే పాటల కంపెనీ తన ఆడియో సీడీల్లో కాపీ ఆపడానికి ఒక ప్రోగ్రామ్ పెట్టింది. సీడీని కంప్యూటర్‌లో పెట్టి ఒప్పందానికి సరేనంటే అది విండోస్ లోతుల్లో కనపడకుండా దాక్కుంటోంది. అది చేసిన సందులోంచి వైరస్‌లు కూడా దూరాయి. జనం తిరగబడ్డారు, కేసులు పడ్డాయి, సీడీలు వెనక్కి తీసుకున్నారు. నవంబర్‌లో ఆపిల్ హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శామ్‌సంగ్, తోషిబాలతో 2010 దాకా ఫ్లాష్ సరఫరాకి ఒప్పందాలు చేసుకుని 125 కోట్ల డాలర్లు ముందే కడతామని ప్రకటించింది. వరసగా మూడు నెలలు! డబ్బు పెట్టి సీడీ కొన్నవాడి కంప్యూటర్‌ని పాడుచేసినవాళ్లు ఒకపక్క, వెయ్యి పాటలు జేబులో పెట్టుకునే వీలు ఇచ్చినవాళ్లు ఒకపక్క. జనం ఎటు పోతారు? ఆపిల్ అమ్మే పాటలకీ తాళం ఉండేది, కాదనను. కానీ తాళం లేని ఎంపీ3 వేసుకుంటే ఆ ఐపాడ్ కాదనలేదు. 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తాళాలు తీసేద్దామని పాటల కంపెనీలకి బహిరంగంగా రాశాడు, 2009లో ఆపిల్ పాటల అంగడి ఐట్యూన్స్‌లో పాటలకి తాళం తీసేశారు.

అంటే కొనే పాటకి తాళం పోయి, అద్దె పాటకి వచ్చింది. దీనివల్ల చిప్పుకి గిరాకీ తగ్గిందా? లేదు. మా ఇంట్లోనే చూడు, ఒకే సుప్రభాతం నాలుగు ఫోన్లలో నాలుగుసార్లు దిగి ఉంది. ఒకరి ఫోన్‌లోది ఇంకొకరికి ఇవ్వడం కుదరదు కాబట్టి ఎవరికి వాళ్లు దించుకోవాల్సిందే. వీడియోలు, ఫొటోలు తినే జాగా ఇంకా ఎక్కువ, ఆ మాట నిజమే. అయినా స్టోరేజ్ ఫుల్ అని నా దగ్గరికొచ్చే ఫోన్లు విప్పితే పాటల యాప్‌ల వాటా కూడా తక్కువేం ఉండదు.

ఇక ధర. దీనికి పాటలు కారణం కాదు. 2025 రెండో సగం నుంచి ఏఐ డేటా సెంటర్లకి ఎస్‌ఎస్‌డీలు (ఇదే ఫ్లాష్ మెమరీతో చేసే పెద్ద స్టోరేజ్ డ్రైవ్‌లు), మెమరీ విపరీతంగా కొంటున్నారు. నాండ్ తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, కియోక్సియా, శాన్‌డిస్క్, మైక్రాన్. లాభం ఎక్కువొచ్చే పెద్ద గిరాకీకి ముందు ఇస్తారు, నీ పెన్‌డ్రైవ్‌కి మిగిలింది వస్తుంది. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. గుజరాత్‌లో సాణంద్ దగ్గర మైక్రాన్ పెట్టింది కూడా చిప్పుల్ని ప్యాక్ చేసి పరీక్షించే ప్లాంటే. కల్వకుర్తి దుకాణాయన నిన్ను మోసం చేయలేదు.

ధర పెరిగినప్పుడు అసలు మోసం ఇంకో దారిలో వస్తుంది. పైన 128 జీబీ అని అచ్చు, లోపల 8 జీబీనే. ఎనిమిది దాటాక కొత్త పాట పాత పాట మీద పడి రెండూ పోతాయి. కొన్నరోజే కంప్యూటర్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నింపి చూడు. కార్డు మొత్తం రాసి తిరిగి చదువుతుంది, దొంగదైతే అక్కడే దొరుకుతుంది.

---

పాలమూరు_డప్పు:

దేవరకొండ అన్న చెప్పిందంతా చదివాను. పాట పాడేవాడి వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి.

నేను జానపద కళాకారుణ్ని, మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా పాటలతో సీడీ చేసి కురుమూర్తి జాతరలో టవల్ పరుచుకుని అమ్మేవాళ్లం. స్టూడియో కిరాయి, కోరస్ పిల్లలకి, డప్పు, కీబోర్డు వాయించినోళ్లకి ఇచ్చుకోగా మిగిలింది మాకు. చిప్పులు వచ్చాక జాతరలోనే, మా టవల్‌కి ఎదురుగా, ల్యాప్‌టాప్ పెట్టుకుని మా పాటే ఎక్కించారు. మేం అక్కడే కూర్చుని చూశాం. కాబట్టి కాపీ వద్దు అన్నవాడి కడుపుమంట నాకు తెలుసు.

అట్లాగని తాళం మాకు అన్నం పెట్టిందా అంటే అదీ లేదు. మా పాటలు తీసుకున్న ఆడియో కంపెనీ ఒక్కసారి డబ్బులిచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇప్పుడు అవే పాటలు యాప్‌లో తాళంతో ఉన్నాయి, నా పాట నేను నా చానల్‌లో పెట్టుకుంటే నోటీసు వచ్చింది. ఇంకోపక్క బొంబాయి, పూణే పోయిన మన పాలమూరు లేబర్ చిప్పుల్లో మోసుకుపోయిన పాటలే మాకు పేరు తెచ్చాయి. అక్కడి కూలీ అడ్డాల నుంచి ఫోన్ చేసి బోనాలకీ, పెళ్లిళ్లకీ పిలిచారు. వచ్చి పాడితే డబ్బులిచ్చారు. తాళం కంపెనీని కాపాడింది, పాటగాణ్ని కాదు. పాటగాడికి కావాల్సింది తన వాటా తనకి లెక్కప్రకారం రావడం.

నల్లమల తమ్ముడూ, నువ్వు బండిలో పెట్టే జానపదాల్లో సగం పాడినోళ్లు మన చుట్టుపక్కలే ఉంటారు. వాళ్ల ఫోన్ నంబరు చాలా వీడియోల కింద ఉంటుంది. సొంత హక్కులున్న పాటలు కావాలని అడిగి డబ్బులు పంపితే మంచి క్వాలిటీ ఎంపీ3లు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతారు. నేనైతే అట్లాగే ఇస్తున్నాను.

---

కోర్టు_గుమాస్తా (మహబూబ్‌నగర్):

చట్టం సంగతి క్లుప్తంగా. కాపీరైట్ చట్టం 1957కి 2012లో సవరణ వచ్చింది. 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. తాళం తీసే సాఫ్ట్‌వేర్ ఉంది, వాడు అని ఎవరైనా చెప్తే జాగ్రత్త. డబ్బులు తీసుకుని అనుమతి లేని పాటలు ఎక్కించడం 63 సెక్షన్ కిందికి వస్తుంది.

డప్పు అన్నా, అదే సవరణలో మీకు పనికొచ్చేది కూడా ఉంది. మీరు సొంతంగా రాసిన లేదా బాణీ కట్టిన పాటల మీద రాయల్టీలో సమాన వాటా హక్కుని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. పాడినవారికి కూడా వ్యాపార వినియోగం మీద రాయల్టీ హక్కు పెట్టారు. రాసినవారికి, బాణీ కట్టినవారికి ఐపీఆర్ఎస్ అనే సొసైటీ వసూలు చేసి పంచుతుంది. ఆ కాగితం ఏ ఏడాదిదో చూసుకుని ఒకసారి వకీలుకి చూపించండి. రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది, అది కంపెనీదే అయితే మీ చానల్‌లో ఆ రికార్డింగ్ పెట్టలేరు. పాట రాసింది మీరై, ఆ హక్కు రాసివ్వకుండా ఉంటే మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేసుకోవచ్చు.

---

నల్లమల_తుఫాన్ (అచ్చంపేట):

అందరికీ దండాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. డప్పు అన్నా, ఆ కాగితం తప్పకుండా చూపించు. నేను బండిలో మీలాంటోళ్ల పాటలే పెడతాను, పైసలిచ్చి తీసుకోవడానికి నాకేం అడ్డం లేదు.

దేవరకొండ అన్నా, ఇంకో రెండు అడుగుతాను. యాప్ మూతపడితే కట్టిన డబ్బుల సంగతేంది? నా స్టీరియోకి 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే అసలు చదవట్లేదు, అది కూడా తాళమేనా? భక్తి పాటలు కొనుక్కోవాలంటే ఎక్కడ కొనాలి?

---

చిప్పుల_దుకాణం (దేవరకొండ):

యాప్ మూతపడితే దించుకున్నవి కూడా పోతాయి, తమ్ముడూ. ఎయిర్‌టెల్ వాళ్ల పాటల యాప్ వింక్ మ్యూజిక్‌ని 2024లో మూసేయడం చూశాం కదా. అదే ఫ్లిప్‌కార్ట్ వాళ్ల ఫ్లైట్ అనే పాటల అంగడి 2012లో తెరిచి 2013లోనే మూసేశారు, కానీ వాళ్లు అమ్మింది తాళం లేని ఎంపీ3లు. అప్పుడు కొని దాచుకున్నవాళ్ల దగ్గర అవి ఈరోజుకీ మోగుతున్నాయి. అందుకే అద్దెకి వినేది వేరు, దాచుకునేది వేరు అని పెట్టుకో. రోజూ వినే కొత్త పాటలకి యాప్ మంచిదే. అందులోనూ అడవి కిరాయి ఉందంటే ముందురోజు రాత్రి యాప్ తెరిచి, నెట్ మీద ఉంచి, ఒక పాట మోగించి చూసుకో. గడువు కొత్తగా మొదలవుతుంది.

మల్లన్న పాటలు కొనుక్కో. కంప్యూటర్‌లో ఐట్యూన్స్ స్టోర్‌లో విడి పాటలు దొరుకుతాయి, తాళం ఉండదు. ఎం4ఏ రూపంలో వస్తాయి, నీ స్టీరియో చదవకపోతే ఎంపీ3లోకి మార్చుకోవచ్చు. ఇంట్లో పాత భక్తి సీడీలు ఉంటే వాటినీ కంప్యూటర్‌లో పెట్టి సొంతానికి దించుకో. మామూలు ఆడియో సీడీకి తాళం ఉండదు. మీ నాయనమ్మో అమ్మమ్మో పాడితే ఫోన్‌లో రికార్డు చేసి అదీ వేసుకో. బతుకమ్మ పాటలు అట్లా దాచిన ఇళ్లు నాకు తెలుసు, ఫోన్ పాడైతే ముందు ఆ పాటలు తీసివ్వమనే అడుగుతారు.

64 జీబీ చదవకపోవడం తాళం కాదు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతులు వేరువేరు ఉంటాయి. 32 దాటినవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, చాలా పాత స్టీరియోలకి ఫ్యాట్32 పద్ధతి మాత్రమే తెలుసు. దాన్ని ఫ్యాట్32లోకి ఫార్మాట్ చేయించు, లోపలివి అన్నీ పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకో. అసలు నీకు 64 అక్కర్లేదు. 320 కేబీపీఎస్ మంచి క్వాలిటీ పాట 12 ఎంబీ వేసుకున్నా 32 జీబీలో రెండున్నర వేలకి పైనే పడతాయి. ఈ ధరల్లో పెద్దది ఒకటి కొనేకంటే కంపెనీది 32 ఒకటీ, 16 ఒకటీ కొను. చిన్నదాంట్లో ముఖ్యమైనవి కాపీ పెట్టి ఇంట్లో బీరువాలో ఉంచు.

బండిలోదాన్ని మాత్రం ఎండాకాలం డ్యాష్‌బోర్డు మీద వదిలేయకు. ఫ్లాష్ మెమరీలో సమాచారం అంటే సన్నటి గదుల్లో నిలిపిన కరెంటు చార్జే, వేడికి అది మెల్లగా కారిపోతుంది. మే నెలలో మన దగ్గర అద్దాలు మూసిన బండిలో ఎంత కాగుతుందో నీకు చెప్పక్కర్లేదు. కిరాయి అయిపోయాక పీకి జేబులో వేసుకో. ఫార్మాట్ చేయడం రాకపోతే ఇటు దిండి మీదుగా వచ్చినప్పుడు పట్టుకురా, కూర్చోబెట్టి నేర్పిస్తాను.